గోదావరి గట్టు నుంచి చంద్ర పర్వతాలకు: రువెంజోరి నడకకు ఎలా సిద్ధం కావాలి

"మాకు తెలిసిన కొండ కోరుకొండే. అంత ఎత్తు మేం ఎక్కగలమా?" అని అమలాపురం నుంచి ఒకరు, భీమవరం నుంచి ఒకరు, పాలకొల్లు నుంచి మరొకరు అడుగుతూనే ఉన్నారు. రువెంజోరి వెళ్లి వచ్చినప్పటి నుంచి నన్ను అడిగే ప్రశ్నల్లో ఇది మొదటిది. "అక్కడ అన్నం దొరుకుతుందా?" అన్నది రెండోది. ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పేకన్నా ఒకచోట రాసిపెట్టడం మేలనిపించింది. అన్నం దొరుకుతుంది. మొదటి ప్రశ్నకు జవాబు కాస్త పెద్దది.

రువెంజోరి అంటే ఒక కొండ కాదు. ఉగాండా, కాంగో సరిహద్దులో ఉన్న పర్వతశ్రేణి. స్టాన్లీ, స్పీక్, బేకర్ మొదలైన ఆరు కొండలు దగ్గరదగ్గరగా ఉంటాయి. అన్నిటికన్నా ఎత్తైన మార్గెరీటా శిఖరం 5,109 మీటర్లు. ఆఫ్రికాలో కిలిమంజారో, కెన్యా పర్వతాల తరవాత ఇదే. భూమధ్యరేఖకు 50 కిలోమీటర్లు కూడా లేని చోట అక్కడ హిమానీనదాలు ఉన్నాయి, ఏటేటా చిక్కిపోతూ. ప్రాచీన గ్రీకు పండితుడు టాలెమీ రాసిన చంద్ర పర్వతాలు ఇవేనని చాలామంది అంటారు. చరిత్ర ఇక్కడికి చాలు.

అక్కడికి వచ్చే యూరప్ వాళ్లను ఏడిపించేది బురద. మనల్ని ఏడిపించేవి ఎత్తు, చలి, మన తొందర. దమ్ము చేసిన చేలో నారుకట్టలు మోసిన కాళ్లకు రువెంజోరి బురద కొత్త కాదు. కానీ మన ఊళ్లు చాలావరకు సముద్ర మట్టానికి పది మీటర్ల లోపే. చలి అంటే మనకు ధనుర్మాసపు తెల్లవారుజాము. కాబట్టి కష్టపడాల్సింది ఎక్కడో ముందే తెలుసుకుని అక్కడే కష్టపడండి.

కావలసినవి

పాస్‌పోర్టు, ఉగాండా వీసా, ఎల్లో ఫీవర్ (దోమల ద్వారా వచ్చే ఒక జ్వరం) టీకా పత్రం, పర్వతారోహణకు వర్తించే బీమా. మోకాలి కిందివరకూ వచ్చే రబ్బరు బూట్లు, మామూలు నడక బూట్లు, ఉన్ని మేజోళ్లు నాలుగు జతలు. నూలు కాని లోపలి బట్టలు, ఉన్ని స్వెట్టరు, కృత్రిమ దూది లేదా ఈకలు కూర్చిన కోటు, వాన లోపలికి దిగని కోటు, ప్యాంటు. రెండు జతల చేతి తొడుగులు, మంకీ క్యాప్, తల దీపం, నల్ల కళ్లద్దాలు, రెండు చేతికర్రలు. సున్నా డిగ్రీల కంటే తక్కువ చలికి పనికొచ్చే నిద్రసంచి. శిఖరం దాకా వెళ్లేవారికి మంచు మీద నడిచే ఇనుప పళ్లు, మంచు గొడ్డలి, నడుముకు కట్టే పట్టీ కావాలి. ఇవి అక్కడ అద్దెకు దొరుకుతాయి, కొనకండి. నాలుగు నెలల సమయం కూడా ఈ జాబితాలోదే.

1. నెల ఎంచుకోండి

అక్కడ కాస్త పొడిగా ఉండే కాలాలు రెండు: డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు, జూన్ నుంచి ఆగస్టు వరకు. సేద్యం ఉన్నవారికి రెండూ ఇబ్బందే. ఒకటి దాళ్వా ఊడ్పుల వేళ, మరొకటి సార్వా ఊడ్పుల వేళ. సంక్రాంతి వెళ్లాక, జనవరి చివర బయలుదేరడం మనకు కుదిరే పద్ధతి. "పొడిగా" అన్న మాటను నమ్మి వానకోటు ఇంట్లో వదిలి వెళ్లకండి. ఆ కొండల మీద పొడి కాలంలోనూ వాన పడుతుంది.

2. ఎల్లో ఫీవర్ టీకా ముందుగా వేయించుకోండి

ఈ టీకా ప్రతి ఆసుపత్రిలోనూ వేయరు. కేంద్ర ఆరోగ్య శాఖ గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. మనకు అందుబాటులో ఉన్నవి విశాఖపట్నం పోర్టు ఆరోగ్య కేంద్రం, హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్. టీకా వేసే రోజు ముందే కనుక్కుని వెళ్లండి. పత్రం టీకా వేసిన పది రోజుల తరవాతే చెల్లుతుంది, ఆపైన జీవితాంతం చెల్లుతుంది. గుడ్డు పడనివారు, గర్భిణులు, అరవై దాటినవారు ముందుగా డాక్టరుతో మాట్లాడాలి.

చాలామంది చేసే తప్పు ఏమిటంటే, ఇది ఉగాండాకు వెళ్లడానికే అనుకోవడం. తిరిగి వచ్చేటప్పుడు మన విమానాశ్రయంలోనూ అడుగుతారు. చూపించలేకపోతే ఆరు రోజుల వరకు విడిగా ఉంచవచ్చు. పత్రం మీది పేరు, పాస్‌పోర్టు నంబరు సరిగ్గా ఉన్నాయో లేదో ఆ బల్ల దగ్గరే చూసుకోండి. నా ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు రాశారు. ఇంటికి వచ్చాక గమనించి, మళ్లీ టీకా వేసిన ఊరు వెళ్లి వచ్చాను.

3. మాత్రల సంగతి డాక్టరుతో తేల్చుకోండి

రెండు విషయాలు అడగండి. ఒకటి మలేరియా. "మనం చూడని మలేరియానా" అని మనవాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. ఉగాండాలో ఎక్కువగా ఉండేది ఫాల్సిపారం రకం, ప్రాణం తీసేది. కొండ మీద పైన దోమలు ఉండవు గానీ, ఎక్కేముందు, దిగాక కింద ఊళ్లలో రాత్రులు గడపాలి. నివారణకు డాక్సీసైక్లిన్ ఇస్తే దానివల్ల చర్మం ఎండకు త్వరగా కమిలిపోతుందని గుర్తుంచుకోండి.

రెండోది ఎత్తుకు వాడే అసిటజోలమైడ్, అంటే డయామాక్స్. సాధారణంగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎత్తుకు ఎక్కే ముందురోజు నుంచి ఇస్తారు. సల్ఫా మందులు పడనివారు తప్పకుండా ఆ మాట చెప్పాలి. డాక్టరు సరే అంటే ఇంటి దగ్గరే రెండు రోజులు వాడి చూడండి. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువగా వస్తుంది. అది మందు స్వభావమని ఇక్కడే తెలిస్తే అక్కడ అర్ధరాత్రి కంగారు పడరు.

4. దారి, గైడు, బీమా

గైడు లేకుండా ఆ జాతీయ పార్కులోకి వెళ్లనివ్వరు. దారులు ముఖ్యంగా రెండు. న్యాకలెంగిజా నుంచి మొదలయ్యే సెంట్రల్ సర్క్యూట్ పాతది. కసేసే పట్టణం దగ్గర రాగి గనుల ఊరు కిలెంబే నుంచి మొదలయ్యేది రెండోది. శిఖరంతో కలిపి ఏడెనిమిది రోజులు పడుతుంది. అన్ని రోజులు వీలుకానివారు మహోమా సరస్సు చుట్టూ తిరిగి మూడు రోజుల్లో దిగిపోవచ్చు.

రాజమహేంద్రవరం నుంచి హైదరాబాదు లేదా ముంబయి, అక్కడి నుంచి ఆడిస్ అబాబా, నైరోబీ లాంటి చోట విమానం మారి ఉగాండా విమానాశ్రయం ఉన్న ఎంటెబే. ఎంటెబే నుంచి కసేసేకు దాదాపు రోజంతా రోడ్డు ప్రయాణం. వీసాకు ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. డాలర్లు తీసుకువెళ్తే కొత్త నోట్లు, మడత పడనివి తీసుకువెళ్లండి. పాతవీ నలిగినవీ అక్కడ వెనక్కి ఇచ్చేస్తారు.

బీమా పత్రంలో ఒక్క వాక్యం వెతకండి: ఎంత ఎత్తు వరకు వర్తిస్తుంది? విమాన టికెట్టుతో పాటు అంటగట్టే బీమాల్లో చాలావాటికి పర్వతారోహణ వర్తించదు. 5,109 మీటర్లు దాటిన ఎత్తు, హెలికాప్టరులో దించే ఖర్చు, రెండూ రాతలో ఉండాలి. ఏజెంటు "ఉంటుందండీ" అన్న మాట చెల్లదు.

5. చదును నేల మీద కొండకు సాధన

ఇందుకు పదహారు వారాలు పెట్టుకోండి.

మొదటి నాలుగు వారాలు వారానికి అయిదు రోజులు ఏటిగట్టు మీదో కాలువ గట్టు మీదో గంటసేపు నడవండి. తరవాతి నాలుగు వారాలు వీపున సంచిలో అయిదు కిలోల బియ్యం. ఆ తరవాత ఎనిమిది కిలోలు, మెట్లు. మెట్లు ఎక్కడ అంటారా? నాలుగంతస్తుల భవనం ఉంటే చాలు, పదిహేనుసార్లు ఎక్కి దిగండి. ఆదివారం కోరుకొండ నరసింహస్వామి గుడికి వెళ్లండి. 600కు పైగా మెట్లు, పైగా నిటారుగా ఉంటాయి. మూడుసార్లు ఎక్కి దిగితే ఆ వారానికి చాలు.

చివరి నెలలో ఒకసారి తిరుపతి వెళ్లి అలిపిరి మెట్లు ఎక్కండి. 3,550 మెట్లు. ఇక్కడే మనవాళ్ల అలవాటు అడ్డొస్తుంది. ఎక్కేటప్పుడు కాలినడక, దిగేటప్పుడు బస్సు. మొక్కు తీరుతుంది గానీ మోకాళ్లకు సాధన కాదు. రువెంజోరిలో నన్ను నేల మీద కూలబడేలా చేసింది ఎక్కడం కాదు, దిగడం. తొడ ముందు కండరాలు వణుకుతుంటే కర్ర ఆసరాతో గంటకు కిలోమీటరు దిగాను. దర్శనం అయ్యాక, ఒకరోజు ఆగైనా సరే, మెట్ల దారినే దిగండి.

సాధన సరిపోయిందో లేదో ఇలా చూసుకోండి. ఎనిమిది కిలోల బరువుతో మెట్లెక్కుతూ పక్కవారితో పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. మాట మధ్యలో తెగితే మీరు వేగంగా ఎక్కుతున్నట్లే. మరునాడు ఉదయం కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవగలిగితే కాళ్లు సిద్ధమైనట్లు. సాధనతో కాళ్లకు బలం వస్తుంది, అంతే. ఎత్తుకు ఒళ్లు అలవాటు పడేది ఎత్తులోనే. గట్టు మీద పది కిలోమీటర్లు పరుగెత్తేవాడికి అందరికన్నా ముందు తలనొప్పి రావడం నేను చూశాను, ఎందుకంటే అందరికన్నా ముందు వెళ్లింది అతనే.

6. బూట్లు, బురద

రువెంజోరిలో రబ్బరు బూట్లదే రాజ్యం. రొయ్యల చెరువుల దగ్గర వాడే రకమే. భీమవరంలోనో కాకినాడలోనో కొనుక్కోవచ్చు. లోపల రెండు జతల మేజోళ్లు పడతాయి కాబట్టి ఒక సైజు పెద్దవి తీసుకోండి. కొన్నాక రెండు గంటలు గట్టు మీద నడిచి, విప్పి, మడమ, చిటికెన వేలు చూసుకోండి. ఎర్రబడితే మేజోళ్లు మార్చి చూడండి. అయినా ఎర్రబడితే బూట్లే మార్చండి. బొబ్బను అక్కడ మాన్పుకోవడం కష్టం, కాలు ఎప్పుడూ తడిగానే ఉంటుంది.

బిగో అనే చిత్తడి నేల గురించి భయపెట్టేవాళ్లు చాలామంది. కొన్నిచోట్ల చెక్క వంతెనలు ఉంటాయి, లేనిచోట మోకాలి దాకా దిగబడుతుంది. మీ ఊరి చేలో పనిచేసిన పెద్దవాళ్లను ఒకసారి గమనించండి. దిగబడిన కాలిని నిట్టనిలువునా లాగరు. మడమను ఒక పక్కకు ఒరిగించి సందు చేస్తారు. ఆ సందులోకి గాలో నీరో చేరి "బుళుక్" మంటుంది. అప్పుడు మడమ, ఆ వెనక వేళ్లు పైకి వస్తాయి. నిలువునా లాగితే బూటు బురదలో, మేజోడు పైన. మా గుంపులో ఒక జర్మన్ పెద్దాయనకు ఇది నేర్పాను. ఆ ఎనిమిది రోజుల్లో నా గౌరవం పెరిగింది అక్కడ ఒక్కచోటే.

ఇంకో ఉచ్చు గడ్డి కుదుళ్లు. బురదలో అక్కడక్కడా గట్టిగా కనిపిస్తాయి, ఒకదాని మీది నుంచి మరోదాని మీదికి గెంతాలనిపిస్తుంది. అవి ఊగుతాయి. చీలమండ మెలిపడేది బురదలో దిగినవాడికి కాదు, గెంతినవాడికి.

7. బట్టలు

వెయ్యి మీటర్లు ఎక్కితే దాదాపు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. సముద్ర మట్టం దగ్గర ముప్పై ఉంటే అయిదు వేల మీటర్ల దగ్గర సున్నా కంటే కిందికి పోతుందని లెక్క. పైగా గాలి, వాన.

ఒక్క మందపాటి కోటు కొని సరిపెట్టుకోవడం మనవాళ్లు మామూలుగా చేసే తప్పు. పలచటివి మూడు నాలుగు పొరలు మేలు. ఎక్కేటప్పుడు విప్పుతూ, ఆగినప్పుడు తొడుగుతూ పోవాలి. అక్కడి డెండ్రోసెనేసియో చెట్టు చేసేదీ అదే. తాటిమాను మీద క్యాబేజీ పెట్టినట్లుంటుంది. ఎండిన ఆకుల్ని రాల్చకుండా మాను చుట్టూ దుప్పటిలా కప్పుకునే ఉంటుంది. రాత్రి పైఆకుల్ని మొగ్గ మీదికి ముడుచుకుంటుంది.

నూలు బనియను, జీన్సు వద్దు. ఏ బట్ట పనికొస్తుందో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. రాత్రి తడిపి, పిండి, గదిలో ఫ్యాను వేయకుండా ఆరేయండి. తెల్లవారేసరికి పొడిగా ఉంటే పెట్టెలో పెట్టండి, లేకపోతే బీరువాలోనే ఉంచండి. వానకోటును తొడుక్కుని పది నిమిషాలు కుళాయి కింద నిలబడండి. ఇంట్లోవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి. భుజాల కుట్ల దగ్గర తడి తగిలితే అది పనికిరాదు. నిద్రసంచి, ఒక జత పొడి బట్టలు నీరు చొరని సంచిలో వేరుగా ఉండాలి. ఆ జత రాత్రికి మాత్రమే. పొద్దున్నే మళ్లీ నిన్నటి తడి బట్టలే వేసుకోవాలి. ఇది ఎవరికీ నచ్చదు. కానీ పొడి జతను దారిలో తడిపేసుకున్నవాడికి ఆ రాత్రి నిద్ర ఉండదు.

8. తిండి

గైడు బృందంతో వంటవాడు వస్తాడు. అన్నం, బంగాళాదుంపలు, అరటికాయతో చేసే మటోకే, మొక్కజొన్న పిండితో చేసే పోషో ఉంటాయి. శాకాహారులు ముందే చెప్పాలి. పైకి వెళ్లేకొద్దీ నీరు తక్కువ వేడికే మరుగుతుంది కాబట్టి పప్పు సరిగా ఉడకదు. పప్పన్నం మీద ఆశ పెట్టుకోకండి.

ఎత్తులో ఆకలి చచ్చిపోతుంది. అప్పుడు నోటికి హితవయ్యేది తీసుకువెళ్లాలి. కందిపొడి, నూనె కారని డబ్బాలో కొంచెం చింతకాయ పచ్చడి చాలు. జేబులోకి ఆత్రేయపురం మామిడి తాండ్ర. విరగదు, కరగదు, నడుస్తూ నమలవచ్చు. దానితో మోరి జీడిపప్పు. పూతరేకులు మాత్రం వద్దు. నేను తీసుకువెళ్లాను. రెండో రోజుకి ఆ తేమకు పెట్టె అడుగున తీపి కాగితపు గుజ్జు మిగిలింది.

9. కొండ మీద రోజూ ఏం చూసుకోవాలి

సెంట్రల్ సర్క్యూట్ మజిలీలు సుమారుగా ఇలా ఉంటాయి: న్యాబిటాబా 2,650 మీటర్లు, జాన్ మాటే 3,400, బుజుకు 3,960, ఎలెనా 4,540. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్ల కంటే పెరగకూడదన్నది వైద్యులు చెప్పే హద్దు. ఈ అంకెలు చూడండి, రోజూ హద్దు దాటుతున్నాం. అందుకే బుజుకులో ఒకరోజు అదనంగా ఆగేలా ముందే మాట్లాడుకోండి. ఆ రోజుకు అయ్యే ఖర్చు దగ్గర బేరమాడకండి.

నడక వేగాన్ని గైడుకు వదిలేయండి. అక్కడి బకోంజో తెగ గైడులు, మోతగాళ్లు ఆ కొండల్లోనే పెరిగినవాళ్లు. మీకు విసుగొచ్చేంత నెమ్మదిగా నడిపిస్తే సరిగ్గా నడిపిస్తున్నట్లే.

ప్రతి ఉదయం ఇవి చూసుకోండి: తలనొప్పి ఉందా, టిఫిను తినాలనిపిస్తోందా, మూత్రం లేతరంగులో ఉందా. ఆ తరవాత నేల మీద గీత ఊహించుకుని, ఒక కాలి మడమను రెండో కాలి బొటనవేలికి ఆనిస్తూ పది అడుగులు వేయండి.

తలనొప్పి కొద్దిగా ఉంటే ఆ రోజు పైకి వెళ్లకండి. వాంతులు తోడైనా, నొప్పి పెరుగుతున్నా కిందికి దిగండి. గీత మీద తూలినా, కూర్చుని ఉండగానే ఆయాసం వచ్చినా, దగ్గుతో నురగ పడినా తెల్లవారే దాకా ఆగకండి. రాత్రయినా, వానయినా వెంటనే దిగాలి. మాత్ర వేసుకుని చూద్దామనుకోవద్దు. తలనొప్పిని దాచడం చాలా ప్రమాదం. డబ్బు పెట్టి ఇంత దూరం వచ్చామని మనవాళ్లు నోరు విప్పరు. గుంపులో ఒకరినొకరు పొద్దున్నే అడిగే బాధ్యత పెట్టుకోండి.

10. శిఖరం రోజు, లేదా శిఖరం వద్దనుకున్న రోజు

ఎలెనా నుంచి అర్ధరాత్రి దాటాక బయలుదేరతారు. బండలు, ఆ తరవాత మంచు. గాలిలో అందే ప్రాణవాయువు మన ఊళ్లో అందేదానిలో దాదాపు సగం. ఇనుప పళ్లు బూట్లకు బిగించడం ముందురోజు పగలే, చేతి తొడుగులతో, మూడుసార్లు సాధన చేయండి. చీకట్లో, చలిలో, వణికే వేళ్లతో నేర్చుకునే పని కాదది. ఎన్ని గంటలకు ఎక్కడున్నా వెనక్కి తిరగాలో గైడుతో ముందే మాట అనుకోండి.

మంచు మీద నడవడం ఇష్టం లేనివారు మార్గెరీటాను వదిలేసి 4,372 మీటర్ల స్కాట్ ఎలియట్ కనుమ దాటి కిటాండరా సరస్సుల వైపు వెళ్లవచ్చు. నా ఓటు దీనికే. శిఖరం మీద నాకు కనిపించింది తెల్లటి మబ్బు, ఒక ఇనుప బోర్డు. కిటాండరా దగ్గర మాత్రం నల్లటి నీళ్ల ఒడ్డున గంటసేపు కదలబుద్ధి కాలేదు.

ఆఫ్రికా మరీ దూరమనిపిస్తే ముందుగా మలేషియాలోని కినాబాలు ఎక్కి చూడండి. అదీ ఉష్ణమండలపు కొండే, 4,095 మీటర్లు, రెండు రోజుల పని, మంచు ఉండదు. అక్కడ మీ తల ఎత్తును ఎలా తట్టుకుందో తెలిస్తే రువెంజోరి సంగతి నిర్ణయించుకోవడం తేలిక.

11. తిరిగి వచ్చాక

బూట్లు, కర్రలు అక్కడే కడిగి ఆరబెట్టి పెట్టెలో పెట్టండి. తడివి పెడితే ఎంటెబే నుంచి ఇంటికి వచ్చేసరికి పెట్టె మొత్తం బూజు పడుతుంది. ఎల్లో ఫీవర్ పత్రాన్ని చేతిసంచిలో ఉంచుకోండి. మలేరియా మాత్రలు దిగిన రోజే ఆపకండి, డాక్టరు చెప్పినన్ని రోజులు వాడాలి. డాక్సీసైక్లిన్ అయితే తిరిగి వచ్చాక నాలుగు వారాలు. ఆ తరవాత కూడా కొన్ని నెలల వరకు జ్వరం వస్తే మన ఊరి మామూలు జ్వరమనుకుని మందుల షాపులో మాత్ర కొనుక్కోకండి. ఆసుపత్రికి వెళ్లి, డాక్టరు అడగకముందే "ఉగాండా వెళ్లి వచ్చాను" అని చెప్పి, ఆ రోజే రక్తపరీక్ష చేయించుకోండి.